వాయించడు, పాడడు, మరి వాని పనేంది?

అనంతపురం,
ఆషాఢమాసం.

ఒరేయ్ అబ్బీ,

పోయిన నెల ఒక ఆదివారం ధర్మవరం పోయి మీ అమ్మను చూసొచ్చినాను. మోకాళ్ళ నొప్పి అట్లే ఉంది. కుడికంట్లో శుక్లం ముదిరిందని, శ్రావణంలో ఆపరేషన్ చేస్తామని డాక్టరు చెప్పినాడంట. మాట మాత్రం ఏమీ తగ్గలేదు. వాన సంగతి ఏమని రాసేది? మృగశిరలో ఒక పదును పడింది. ఆశపడి మీ చిన్నాయన శనిక్కాయ విత్తినాడు. ఆరుద్ర పోయింది, పునర్వసు కూడా పోతా ఉంది, మళ్ళా చుక్క లేదు. మొలకలు నాలుగాకులు వేసి అక్కడే ఆగిపోయినాయి.

మీ అమ్మ సంకటి, ఊరిబిండి పెట్టింది. నేను రెండో ముద్ద తింటా ఉంటే ఎదురుగా కూర్చుని అడిగింది: "వాడు వాయించడంట, పాడడంట. మరి పదేండ్లుగా ఆ పిల్లోళ్ళ ఎంబడి తిరిగి వాడు చేసే పనేంది నాయనా?"

వాళ్ళు పాడేదానికి కావాల్సినవన్నీ నువ్వు చూసుకుంటావని చెప్పినాను. "పెండ్లికి పందిరి వేసేవాని మాదిరా?" అనింది. ఆమె ఎగతాళిగా అడగలేదురా. కొడుకు పని ఏమిటో పక్కింటామెకు ఒక్క మాటలో చెప్పుకోవాలని అడిగింది. నాకు జవాబు రాలేదు. ఇరవై ఏడేండ్లు పిల్లకాయలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక తల్లికి ఒక్క మాట చెప్పలేక బస్సెక్కి వచ్చేసినాను.

ఇంటికొచ్చేసరికి నువ్వు పంపిన కవరు ఉంది. నీ పుస్తకం మొదటి పది పేజీలు, ఇంగ్లీషులో. రెండుసార్లు చదివినాను. బెంగళూరులో ఆ చిన్న గదిలో మీ కుర్రోళ్ళు గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి సాధన చేసిన రోజులు, నువ్వు అప్పు చేసి డ్రమ్ములు కొనిచ్చిన సంగతి, ఒక కార్యక్రమం తర్వాత నిర్వాహకుడు డబ్బివ్వకుండా వెనక వాకిట్లోంచి పోతే రాత్రి రెండు గంటలకు నీ ఉంగరం పెట్టి వ్యానుకు డీజిలు పోయించిన సంగతి, అన్నీ బాగా రాసినావు. నాకు నచ్చని వాక్యం ఒకటే. కరువు నేలకూ నువ్వు ఎంచుకున్న పనికీ ఏ సంబంధమూ లేదని, నీకు ముందు ఈ దారిన నడిచినవాడు మన వైపు ఒక్కడూ లేడని నాలుగో పేజీలో రాసినావు. అది తప్పురా. నీ ముందు నడిచినవాడు నువ్వు పుట్టిన ఊళ్ళోనే పుట్టినాడు. మీ అమ్మకు చెప్పాల్సిన జవాబు కూడా అక్కడే దొరికింది నాకు.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు. పేరు వినే ఉంటావు. బళ్ళో మనకు ఒక్క వాక్యం చెప్పినారు, 'ఆంధ్ర నాటక పితామహుడు' అని. ఆ బిరుదు దగ్గరే మనం ఆగిపోయినాము. ఆయన మనిషిగా ఎట్లా బతికినాడో, ఏ పని చేసినాడో ఎవరూ చెప్పలేదు. ఆయన 1853లో పుట్టినారు. అప్పటికి అనంతపురం జిల్లా అనేదే లేదు, ధర్మవరం బళ్ళారి జిల్లాలో ఉండేది. మన జిల్లాను 1882లో విడదీసినారు. ఇప్పుడు ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, అది 2022 ఏప్రిల్ మాట. ఊరు కదల్లేదు, జిల్లాల పేర్లే దాని మీదుగా పోతా వచ్చినాయి. ఆచార్యులు బళ్ళారి చేరి ప్లీడరు అయినారు. పగలంతా కోర్టు, కేసులు. ఆ ప్లీడరే 1886లో బళ్ళారిలో 'సరస వినోదిని సభ' పెట్టినాడు. నీ మాటల్లో చెప్పాలంటే బ్యాండు కట్టినాడు.

ఆ ఏడును ఒకసారి గుర్తుపెట్టుకో. దానికి పదేండ్ల ముందు, 1876లో, ధాత కరువు మొదలైంది. 1878 దాకా తినేసింది. మద్రాసు రాజధానిలో బళ్ళారి జిల్లా దెబ్బతిన్నంతగా దెబ్బతిన్నవి తక్కువ. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయినాయి. 1881 జనాభా లెక్కలు తీస్తే ఈ పక్క మనుషులు ఎంతగా తగ్గిపోయినారో తెలిసింది. మా జేజి వాళ్ళ జేజి చెప్పిన మాటలుగా నేను విన్నవి ఉన్నాయి, తుమ్మబంక తిన్నారని, చీమల పుట్టలు తవ్వి గింజలు ఏరుకున్నారని. అట్లా తిండి గింజ కోసం పుట్టలు తవ్విన నేల మీద పదేండ్లు కాకముందే ఒక మనిషి నిలబడి, రండి నాటకం ఆడదాం అన్నాడు. దానికి ఎంత ధైర్యం కావాల్నో నాకంటే నీకే బాగా తెలుసు. వానలు సక్కంగా పడే డెల్టాలో కళ పుట్టిందంటే అది గాదెల్లో మిగిలిన ధాన్యం నుంచి పుట్టిందని చెప్పొచ్చు. ఇక్కడ మిగులు అనేది ఏముంది? సాలుకు 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పండగ. అయినా పుట్టింది.

సభ మొదటి నాటకం 'చిత్రనళీయం'. 1887లో బళ్ళారిలో ఆడినారు. రాసింది ఆచార్యులే. ఆడించిందీ ఆయనే. బాహుకుని వేషం కట్టిందీ ఆయనే. అంతకుముందే ధార్వాడ నుంచి వచ్చే నాటక సమాజాలు మన ఊళ్ళు తిరిగి రుచి చూపించి పోయినాయి. బళ్ళారిలో కన్నడమూ తెలుగూ ఒకే వీధిలో కాపురమున్నట్టు ఉండేవి. ఆచార్యులు కూడా మొదట కన్నడంలో ఒక నాటకం రాసినారు, తర్వాతే తెలుగుకు వచ్చినారు. వచ్చి ముప్పై దాకా నాటకాలు రాసినారు. 'పాదుకాపట్టాభిషేకం', 'ప్రహ్లాద', 'బృహన్నల', 'ప్రమీలార్జునీయం', 'రోషనారా శివాజీ', ఇట్లా. మన ఊళ్ళల్లో వాన రాకపోతే విరాటపర్వం చదివిస్తారు చూడు, ఆ కథనే ఆయన 'బృహన్నల'గా రంగస్థలం ఎక్కించినాడంటే నాకు ఎందుకో మనసు ఆర్ద్రమవుతుంది.

రాసిన నాటకాల లెక్క కంటే, రాసిన తీరు నీకు పనికొస్తుంది. అంకాలను చిన్న చిన్న రంగాలుగా విడగొట్టినాడు. పద్యం ఒక్కటే ఉండే చోట పాట పెట్టినాడు. తెలుగు నాటకంలో పాత్రలు పాడేది ఆయన నుంచే మొదలైందని చరిత్రకారులు రాస్తారు. తర్వాత మనం వేలంవెర్రిగా అభిమానించిన స్టేజీ పాటలు, వన్స్‌మోర్లు, చివరికి సినిమా పాట దాకా ఆ వాగు పారింది. సంస్కృత నాటక మర్యాద ప్రకారం నాటకం మంగళంగానే ముగియాల. ఈయన 'విషాద సారంగధర' రాసి, నిరపరాధి అయిన కొడుకు కాళ్ళూ చేతులూ నరికించిన రాజును జనం ముందు నిలబెట్టి ఏడిపించినాడు. తెలుగులో దుఃఖాంత నాటకానికి అదే తొలి అడుగు. ఆ రాజరాజనరేంద్రుని వేషం కూడా తానే కట్టినాడు. కరువు చూసిన మనిషి కదా, కథలన్నీ పెండ్లితోనే ముగుస్తాయని ఆయన ఎట్లా నమ్ముతాడు? ఇది నా ఊహే. అయినా ఆ నాటకం తల్చుకున్నప్పుడల్లా నాకు అదే తోస్తుంది.

ఇక నువ్వు చేసే మేనేజరు పని. సభలో వేషాలు కట్టినవాళ్ళు ప్లీడర్లు, గుమాస్తాలు, సర్కారు ఉద్యోగులు. నాటకం ఆడేవాడంటే ఊరికి చులకన ఉన్న కాలం అది. ఆడవాళ్ళ వేషాలకు మీసం గీయించుకోవాల. పగలు కోర్టులో టోపీ పెట్టుకుని నిలబడే మనిషిని రాత్రి పైట వేసుకోవడానికి ఒప్పించాలంటే నువ్వు మీ డ్రమ్ముల పిల్లోణ్ణి ఎంతసేపు బతిమాలుతావో, అంతకు పది రెట్లు బతిమాలి ఉండాల. తెర, దీపాలు, దుస్తులు, తబలా, ఊరి పెద్దల కోపతాపాలు, ఎవరికి ఏ వేషం ఇస్తే ఎవరు అలుగుతారో. ఇవన్నీ ఎవరో ఒకరు మోయకపోతే తెర లేవదు. సభ పెట్టిన మనిషే మోసినాడు.

అదే ఊళ్ళో ఇంకో ప్లీడరు, కోలాచలం శ్రీనివాసరావుగారు, 'సుమనోరమ సభ' పెట్టినారు. ఆయన చరిత్ర మీద నాటకాలు రాసినవాడు. విజయనగర సామ్రాజ్య పతనం ఆయన రాసిన కథే. ప్రపంచ నాటకరంగ చరిత్రను ఇంగ్లీషులో రాసి 1908లో అచ్చు వేయించినాడు కూడా. బళ్ళారిలో కూర్చుని! ఒకే ఊళ్ళో రెండు సభలంటే పోటీ ఎట్లా ఉంటుందో, ఒకరి ఆటగాణ్ణి ఇంకొకరు ఎట్లా లాక్కుంటారో నీ పది పేజీల్లోనే రెండుచోట్ల ఉంది. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్ళారి రాఘవ. మన తాడిపత్రిలో 1880లో పుట్టినవాడు. మామ చేతుల మీద నాటకం నేర్చుకుని, కోలాచలం వారి సభలో వేషాలు కట్టి పేరు తెచ్చుకున్నాడు. మామ మనసు ఎంత నొచ్చుకుందో, ఎంత పొంగిందో! నువ్వు పెంచిన పాటగాడు వేరే బృందంలోకి పోయిన రాత్రి నాకు ఫోను చేసి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నావే, అది గుర్తొచ్చింది.

రాఘవ కథ ఇంకో ఉత్తరానికి సరిపోతుంది. ఆయనా ప్లీడరే. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి సంసార స్త్రీలను స్టేజీ మీదికి గౌరవంగా తీసుకొచ్చినాడు. 1928లో ఇంగ్లండు పోయి బెర్నార్డ్ షాను కలిసినాడు. 1946 ఏప్రిల్ 16న పోయినాడు. కందుకూరి వీరేశలింగం పుట్టింది కూడా ఏప్రిల్ 16నే, ఆ దినమే మనం తెలుగు నాటకరంగ దినోత్సవం చేసుకుంటాము.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. 1891లో ఆచార్యులు తన సభను మద్రాసుకు తీసుకుపోయినారు. అప్పటికే మద్రాసు, రాయచూరు రైలుదారి గుంతకల్లు మీదుగా నడుస్తా ఉంది. మద్రాసులో ఆ నాటకాలు చూసినవాళ్ళల్లో పద్దెనిమిదేండ్ల తమిళ కుర్రాడు ఒకడు ఉన్నాడు, పమ్మల్ సంబంధ మొదలియార్. అంతవరకు వాళ్ళ వీధి నాటకాలంటే ఆ పిల్లోనికి ఏవగింపు. బళ్ళారి నుంచి చదువుకున్న పెద్దమనుషులు, పరువు గల ప్లీడర్లు వచ్చి రంగు పూసుకుని అంత శ్రద్ధగా ఆడతా ఉంటే చూసి దిమ్మెరపోయినాడు. ఆ ఏడు జూలై 1న మద్రాసులో 'సుగుణ విలాస సభ' పెట్టినాడు. తర్వాత తొంభైకి పైగా నాటకాలు రాసినాడు, జడ్జీ అయినాడు, 1959లో పద్మభూషణ్ అందుకున్నాడు. మనం టూరింగు టాకీసులో చూసిన శివాజీ గణేశన్ 'మనోహర' ఆయన నాటకమే. తమిళ ఆధునిక నాటకానికి తండ్రి అని వాళ్ళు ఆయనకు దండం పెడతారు. ఆ దీపానికి వత్తి వెలిగించింది మన ధర్మవరం మనిషి.

ఇది మనకు ఎట్లా తెలిసింది? ఆ పమ్మల్ సంబంధ మొదలియార్ తన నాటకరంగ జ్ఞాపకాలు తమిళంలో భాగాలు భాగాలుగా రాసి పెట్టినాడు కాబట్టి తెలిసింది. మన మనిషి పోయి మద్రాసును కదిలించిన సంగతిని మనం తమిళం పుస్తకంలో చదువుకున్నాము. ఈ మాట రాస్తా ఉంటే నాకు గొంతు పట్టుకుంటుంది. నాటకాలన్నీ రాసిన చెయ్యి, ఆ నాటకాల వెనక జరిగిన నాటకాన్ని కూడా రాసి పెట్టి ఉంటే! మద్రాసుకు ఎంతమంది పోయినారు, టిక్కెట్ల డబ్బు ఎవరు కట్టినారు, ఏ సత్రంలో దిగినారు, మొదటి రాత్రి తెర లేచే ముందు ఎవరి చేతులు వణికినాయి. ఆ లెక్కల పుస్తకం ఒక్కటి దొరికితే నేను దాన్ని నెత్తిన పెట్టుకుని ధర్మవరం వీధుల్లో ఊరేగిస్తాను. ఆచార్యులు 1912లో పోయినారు, అరవై కూడా నిండలేదు.

మళ్ళా ఆదివారం మీ అమ్మ దగ్గరికి పోయినాను. ఈసారి జవాబు పట్టుకుని పోయినాను. రామకృష్ణమాచార్యుల కథ చెప్పినాను, శ్రద్ధగా వినింది. "మన ఊరాయనేనా?" అని రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత నీ గది గోడ మీద ఫోటో ఉందే, బీటిల్స్ మేనేజరుది, బ్రయన్ ఎప్‌స్టీన్, ఆయన కథ కూడా చెప్పినాను. నీకు తెలిసిన కథే. మీ అమ్మకు చెప్పినట్టు మళ్ళా చెప్తా విను, ఎందుకంటే ఆమె అడిగిన ప్రశ్నలు నీ దాకా రావాల.

లివర్‌పూల్ అని ఓడరేవు ఊరు. అక్కడ కుర్చీలు, బల్లలు అమ్మే ఒక షావుకారి కొడుకు. 1934లో పుట్టినాడు. నటుడు కావాలని లండను పోయి నాటకాల బళ్ళో చేరి, మధ్యలోనే వదిలి తిరిగొచ్చినాడు. నాయన అంగడిలో గ్రామఫోను రికార్డులు అమ్మే భాగం చూసుకుంటా ఉన్నాడు. అంగడికి కూతవేటు దూరంలో ఒక నేలమాళిగ, కావెర్న్ క్లబ్బు. 1961 నవంబరు 9 మధ్యాహ్నం మెట్లు దిగి లోపలికి పోయి నలుగురు పిల్లోళ్ళ పాట విన్నాడు. తోలు కోట్లు, స్టేజీ మీదే తినడం, వెనక్కి తిరిగి నిలబడడం. ఆయనకు వాళ్ళల్లో ఏమో కనిపించింది. ఆయన వాయించడు, పాడడు. నీ మాదిరే. వాళ్ళకు సూట్లు కుట్టించినాడు, పాట అయినాక నలుగురూ ఒక్కసారే వంగి జనానికి నమస్కారం చెయ్యడం నేర్పినాడు. లండనులో రికార్డు కంపెనీల గడపలు ఎక్కి దిగినాడు. 1962 జనవరి 1న డెక్కా కంపెనీలో పాడి వినిపిస్తే, గిటారు బృందాల కాలం అయిపోయిందని చెప్పి తిప్పి పంపినారంట, ఆయనే రాసుకున్నాడు. తిరిగి తిరిగి రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ దగ్గరికి వాళ్ళను చేర్చినాడు. రెండేండ్లలో, 1964 ఫిబ్రవరి 9న, అమెరికాలో ఆ బృందాన్ని టీవీలో చూసినవాళ్ళు 7 కోట్ల 30 లక్షలమంది.

"డబ్బు బాగా వచ్చిందా?" అని అడిగింది మీ అమ్మ. వచ్చింది, కానీ లెక్కల్లో పెద్ద తప్పు చేసినాడని చెప్పినాను. బీటిల్స్ బొమ్మలేసి బొమ్మలు, విగ్గులు, డబ్బాలు అమ్ముకునే హక్కును ఎవరికో ఇచ్చేసి, నూటికి పది మాత్రం తమకు ఉంచుకుని తొంభై వాళ్ళకు వదిలేసినాడు. పాట మీద ఉన్న చూపు కాగితం మీద లేకపోయింది. ఈ ముక్క నువ్వు రాసుకో. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఒక రాత్రి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకో అని మా నాయన చెప్పేవాడు, భూమి కాగితాల గురించి.

ఎప్‌స్టీన్ కూడా పుస్తకం రాసినాడు. 'ఎ సెల్లార్‌ఫుల్ ఆఫ్ నాయిస్'. తెలుగులో చెప్పాలంటే 'నేలమాళిగ నిండా మోత'. డెరెక్ టేలర్ అనే విలేకరి సాయం పట్టినాడు. 1964 అక్టోబరులో వచ్చింది, అప్పటికి ముప్పై నిండినాయి అంతే. ముప్పై ఏండ్లకే ఆత్మకథా అని కొందరు మూతి విరిచినారు. మూడేండ్లకు, 1967 ఆగస్టు 27న, నిద్రమాత్రలు ఎక్కువై ఆయన ఇంట్లోనే పోయినాడు. పొరబాటున జరిగిందని విచారణలో తేల్చినారు. ఆయన పెంచిన పిల్లోళ్ళు ఆ దినం ఊళ్ళో కూడా లేరు, వేల్స్‌లో మన మహర్షి మహేశ్ యోగి దగ్గర ధ్యానంలో ఉన్నారు. వయసు ముప్పై రెండు. ఆగి రాసుకుందామని అనుకుని ఉంటే ఆ పుస్తకమే లేదు.

మీ అమ్మ చానాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందరికీ అన్నీ చూసినాడు గదా, అన్నం తిన్నావా అని వాణ్ణి అడిగినోళ్ళు లేరా?" అనింది. ఆమె అడిగింది లివర్‌పూల్ మనిషి గురించి కాదని నీకు నేను చెప్పాల్సిన పని లేదు.

చివరికి ఆమెకు నీ పని అర్థమయ్యింది, అయితే రెండు కథల వల్లా కాదు, మగ్గం వల్ల. "నేసేది ఒకరు, వార్పు అతికేది ఒకరు, రేషం తెచ్చి, డిజైను ఒప్పించి, చీర అమ్మి, అందరి కూలీ పంచేది ఒకరు. వాడు ఆ పని చేస్తాడా?" అనింది. అవునమ్మా అన్నాను. "మరి ఆ ముక్క ముందే చెప్పకూడదా, పందిరి గిందిరి అంటావు" అని నన్నే కసిరింది. పందిరి మాట తానే అన్న సంగతి మరిచిపోయింది.

ఈ పని మన నేలకు కొత్త కాదని నువ్వు నమ్మాల. నీకు గుర్తుందా, శనిక్కాయ కోతలు అయినాక మా ఊరికి హార్మోనియం పెట్టె నెత్తిన పెట్టించుకుని ఒక అయ్యవారు వచ్చేవాడు. మూడు నెలలు మా ఊళ్ళోనే ఉండి, దున్నే చేతులకు 'కురుక్షేత్రం' నేర్పేవాడు. దుర్యోధనుని పద్యం పట్టుపడక గొర్రెల కాపరి వెంకటప్ప (నిజం పేరు రాయను) ఏడిస్తే, అర్ధరాత్రి దాకా కూర్చుని ఒక్కొక్క పాదమూ నోట్లో పోసేవాడు. సీన్లు, డ్రస్సులు బాడుగకు తెచ్చేది, ఊళ్ళో రెండు పార్టీలవాళ్ళనూ ఒక నాటకంలో కలిపేది, చందాలు వసూలు చేసేది ఆయనే. నాటకం దినం ఆయన తెర పక్కన కూర్చుని పెట్టె వాయిస్తా ఉంటే జనానికి చెయ్యి ఒక్కటే కనపడేది. ధర్మవరం పక్కన నిమ్మలకుంటకు పో. తోలుబొమ్మల ఇండ్లు ఉన్నాయి. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలు గీకి బొమ్మ కోసేది, రంగులద్దేది, ఆడించేది, పాడేది, బండి కట్టుకుని ఊరూరు తిరిగేది ఒకే కుటుంబం.

ఇంక ఉరుముల సంగతి చెప్పనా? మన జిల్లా ఉరుము వాయిద్యం చప్పుడు ఒక్కసారి మీ కుర్రోళ్ళకు వినిపించు. మేఘం లేని ఊళ్ళో మనుషులు ఉరుమును తోలుతో చేసుకుని మెడకు తగిలించుకున్నారు. నువ్వు బెంగళూరులో లక్షలు పోసి కొన్న స్పీకర్లలో ఆ లోతు ఉందేమో పోల్చి చూడు. చౌడమ్మ జాతరలో మనం పదేండ్ల పిల్లోళ్ళం, ఆ చప్పుడుకు నువ్వు చెవులు మూసుకోకుండా ముందుకు పోయి నిలబడినావు, నేను మీ నాయన పంచె పట్టుకుని వెనక నిలబడినాను. నీ పుస్తకం మొదటి పేజీ అదే కావాల. కోడిగుడ్ల అట్టల గది రెండో అధ్యాయానికి పోనీ.

నేను కూడా ఒకసారి నీ పని చేసి చూసినాను. బళ్ళో పిల్లకాయలతో ఒక నాటిక తయారు చేసి, దూరంగా ఒక ఊళ్ళో పోటీకి తీసుకుపోయినాను. సాయంత్రం ఆరుకు మా వంతు అన్నారు. తెలిసినవాళ్ళ బృందాలన్నీ ముందుకు జరిపి, మా పిల్లోళ్ళను తెల్లవారుజాము మూడు గంటలకు స్టేజీ ఎక్కించినారు. ఎదురుగా చాపలు చుట్టేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. పిల్లకాయలు నిద్ర కళ్ళతోనే ఒక్క మాట తప్పకుండా ఆడినారు. వాళ్ళకు టీ ఇప్పించేదానికి అంగడి కోసం చీకట్లో తిరిగినాను. ఆ రాత్రి తర్వాత నువ్వు చేసే పని మీద నాకు గౌరవం పెరిగింది, ఈ మాట నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు.

బళ్ళారి కూడా మన చేతుల్లోంచి జారిపోయింది కదా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఈ పక్కకు వచ్చినాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. తెలుగు నాటకం పాట నేర్చుకున్న ఊరు సరిహద్దు అవతల ఉండిపోయింది. రాఘవ పేరుతో అక్కడ రంగమందిరం ఉంది, వాళ్ళు బాగానే చూసుకుంటున్నారు. నా బాధ వేరే. మనవాళ్ళు బళ్ళారి పోయేది ఇప్పుడు గని పనులకు, జీన్సు ప్యాంట్లు కుట్టేదానికి. ఆచార్యులు నడిచిన ఊరని ఎవరికి గుర్తు? నువ్వు ఉన్న బెంగళూరు కూడా అంతే. మన జిల్లా నుంచి రోజూ రైళ్ళు నిండా మనుషులు పోతారు, కాంక్రీటు పోసేవాళ్ళు, వాచ్‌మన్లు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు. వాళ్ళల్లో ఒకడు పాటను మోసేదానికి పోయినాడు. అది రాసి పెట్టాల్సిన సంగతి కాదా?

నేను అడిగేది ఇది. పుస్తకం తెలుగులో రాయి. ఇంగ్లీషులో కావాలంటే తర్వాత రాసుకో, ఎవరు వద్దన్నారు? లెక్కలు దాచకు. ఏ ఊళ్ళో ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరు అన్నం పెట్టినారు, ఎవరు ఎగ్గొట్టినారు, పాటగాడు వెళ్ళిపోయిన రాత్రి నువ్వు ఏం చేసినావు, అన్నీ పెట్టు. నాలుగో పేజీలో ఆ వాక్యం కొట్టేసి, అక్కడ రామకృష్ణమాచార్యుల పేరు రాయి. ఆయన సభ పెట్టిన ఏడు 1886 అని సరిగ్గా వెయ్యి. ఒక్కొక్క అధ్యాయం అయిన వెంటనే నాకు పంపు, ఆదివారం ఆదివారం ధర్మవరం పోయి మీ అమ్మకు చదివి వినిపిస్తాను. ఆమె తప్పులు కూడా చెబుతుంది చూడు.

శ్రావణంలో రెండో వారం ఆమె కంటి ఆపరేషన్. కట్టు విప్పే దినానికి నువ్వు ఇక్కడ ఉండాల. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్సుకు టిక్కెట్టు చేయించుకుని నాకు తెలియజెయ్యి, స్టేషనుకు నేను వస్తా.

ఇట్లు
నీ మిత్రుడు